కంపు ఆగే గది

ఎముకల మిల్లులో రాత్రి డ్యూటీ మనిషి ఒకడు చచ్చిపోయాడు. చంపింది దెయ్యమని అందరూ ఒప్పేసుకున్నారు. అలా ఒప్పేసుకుంటే ఇక ఎవరికీ ఏ పనీ ఉండదు కదా.

మిల్లు వెనక గదికి అంతకుముందు నుంచే చెడ్డపేరు ఉంది. కబేళాల నుంచి వచ్చే ఎముకలు, ఈకలు, నెత్తురు అక్కడ ఉడికించి, ఎండబెట్టి, కోళ్ల మేతలోకి పొడి కొడతారు. వాటిలోంచి కారే నీళ్లన్నీ వెనక గదిలోని గొయ్యికి చేరతాయి. గొయ్యి మీది గాలిని ఒక పెద్ద ఫాను లాగి, ఫిల్టరు పెట్టెలో వడగట్టి, గొట్టం గుండా ఆకాశంలోకి తోస్తుంది. తోయాలి. కంపు ఎలాంటిదంటే, సందు చివరి ఇళ్లవాళ్లు కూడా ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేసుకుంటారు. మిల్లు మనిషి పక్కన బస్సులో ఎవరూ కూర్చోరు.

అంత కంపూ ఆ గదిలో అప్పుడప్పుడు... ఆగిపోతుందట.

అదే దెయ్యం రాక. ఉన్నట్టుండి గాలి కడిగినట్టు శుభ్రమైపోతుందట. గోడలోంచి గుటకలు వినిపిస్తాయట — గుటుక్... గుటుక్... ఎవరో ఆబగా తాగుతున్నట్టు. ఫాను ఆగి ఉన్నప్పుడు గోడ మీది గేజి ముల్లు సున్నా దాటి ఇంకా కిందికి పోతుందట. గాలే ఆడనప్పుడు దాన్ని లాగుతున్నదెవరు? అప్పుడు లోపలున్నవాడు వెనక్కి చూడకుండా పరిగెత్తాలి. పరిగెత్తనివాణ్ణి పొద్దున మోసుకొస్తారు.

అలా మోసుకొచ్చింది పేపరు మాస్టారిని. బడి మాస్టారేం కాదు. భోజనాల వేళ పేపరు పైకి చదివి అందరికీ వినిపించేవాడని ఆ పేరు. గొయ్యి గట్టు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. మొహంలో భయమన్నది లేదు, హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నాడని చూసినవాళ్లు చెప్పుకున్నారు. ఆ 'హాయిగా' అన్నమాటే అందరికీ ఒళ్లు జలదరింపజేసింది.

మాస్టారి డ్యూటీ ఇప్పుడు ముల్లక్క తమ్ముడికి పడింది.

ముల్లక్క ఫ్యాక్టరీల్లో గేజిలు బిగించే మనిషి. చుట్టుపక్కల ఎక్కడ గేజి చెడినా ఆవిడకే కబురు. పొద్దస్తమానం ముళ్ల వంక చూస్తుందని ఆ పేరు పెట్టారు, నోరూ ముల్లే కాబట్టి అది నిలిచిపోయింది. పని నేర్పినవాడు మేనమామ. ఆయన ఆ మిల్లులోనే సూపర్‌వైజరు. మాస్టారు పోయిన కొద్దిరోజులకు ఆయనే ఫోన్ చేశాడు.

"అమ్మడూ, వెనక గదిలో గేజి అద్దం మసకేసింది. తనిఖీవాళ్లు వచ్చేలా ఉన్నారు. కొత్తది బిగించిపో. రాత్రి రా, పగలు ఫాను ఆపనివ్వరు."

"సరే మావయ్యా."

"పాతది ఎంత చూపించేదో ఇదీ అంతే చూపించేట్టు పెట్టు. లేకపోతే కుర్రాళ్లు కంగారు పడతారు."

ఆ మాట చెవిలో దూరిన చీమలా ఆవిణ్ణి వదల్లేదు. గేజి ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. చూపించేట్టు పెట్టడమేమిటి?

రాత్రి గేటు దగ్గర తమ్ముడు ఎదురొచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, ఇప్పటికీ అక్క ముందు తల గోక్కుంటూనే నిలబడతాడు.

"సెంటు కొట్టుకొచ్చావా అక్కా? దండగ."

"నువ్వు స్నానం చేస్తున్నావా అసలు?"

"రెండు పూటలా. అయినా నీ మరదలు నన్ను వరండాలో పడుకోబెడుతోంది. చిన్నది నా దగ్గరికి రాదు. నాన్న జేబులో ఎలుక చచ్చిందంటుంది."

"లోపలికి పోవాలంటే భయంగా లేదూ?"

"దెయ్యం వస్తే కంపు ఆగుతుందంటున్నారుగా. రానీ, కాసేపు ఊపిరి పీల్చుకుంటాను."

నవ్వాడు గానీ గది తలుపు తీసి, అక్కనే ముందు పోనిచ్చాడు.

లోపల... నేలంతా కొవ్వు జిడ్డు. అడుగు తీసి అడుగు వేస్తుంటే చెప్పు చప్పరించినట్టు చప్పుడు. గోడలకు చెమట. పైపుల కింద గుత్తులుగా నిద్రపోతున్న ఈగలు టార్చి వెలుగు పడగానే ఒక్కసారి కదిలి మళ్లీ అతుక్కున్నాయి. మధ్యలో గొయ్యి. పాల మీద మీగడలా దాని మీద మందంగా ఒక తొక్క, అందులో ఈకలు. ఆ తొక్క ఒకచోట మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ మూసుకుంది. ముల్లక్క ముక్కుకు గుడ్డ కట్టుకుంది. నోటితో గాలి పీలిస్తే నాలుక మీద రుచి తెలుస్తోంది. అది ఇంకా ఘోరం.

"ఫాను ఆపు," అంది.

తమ్ముడు తలుపు బయట ఉన్న స్విచ్చి కట్టేసి వచ్చాడు. హోరు తగ్గింది... సన్నగిల్లింది... ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఆవిడ పాత గేజి మీద టార్చి వేసింది.

గేజి సంగతి తేలికే. గుండ్రటి డబ్బా, వెనక రెండు సన్నగొట్టాలు. ఒకటి ఫిల్టరుకు ముందున్న గాలిని తాకుతుంది, రెండోది ఫిల్టరు దాటిన గాలిని. రెంటికీ ఉన్న తేడాను ముల్లు చెబుతుంది. ఫిల్టరు పూడుకుపోయేకొద్దీ ముల్లు ఎర్రగీత వైపు లేస్తుంది. ఫాను ఆగితే తేడా ఉండదు. ముల్లు వచ్చి సున్నా మీద కూర్చోవాలి.

ముల్లు దిగింది. సున్నా దగ్గరికొచ్చింది. ఆగలేదు. సున్నా కిందికి జారి, అక్కడున్న చిన్న పిన్నుకు ఆనుకుని — వణుకుతూ నిలబడింది.

గుటుక్...

తమ్ముడు అక్క చెయ్యి పట్టుకున్నాడు.

గుటుక్... గుటుక్...

"అక్కా, పోదాం."

"ఆగరా." గొట్టం వెంబడే టార్చి పోనిచ్చింది. గోడ మీద అది బట్టలారేసే తాడులా సాగి వేలాడుతోంది. ఆ వేలాడే వంపులో నల్లగా ఏదో నిండి ఉంది. పైనుంచి గాలి తోసినప్పుడల్లా అటు ఒరిగి, ఇటు ఒరిగి, గుటక వేస్తోంది.

గొట్టం ఊడదీసింది. లోపలున్నది కాస్తా మణికట్టు మీద పడింది. గోరువెచ్చని జిడ్డు, అందులో ఈకల పీచు, తెల్లటి పురుగులు. చెయ్యి గోడకేసి తుడుచుకుంది.

"ఇదిరా మీ దెయ్యం దాహం. గొట్టం వాలుగా కట్టకపోతే ఇంతే."

రెండో గొట్టమూ పీకేసింది. ఇప్పుడు గేజికి రెండువైపులా ఒకే గాలి. దాన్ని తెచ్చి వంటింట్లో పెట్టినా సున్నా చూపించాలి. ముల్లు మాత్రం అట్టడుగునే ఉంది.

అంటే సున్నానే ఎవరో జరిపారు.

ఫాను తిరుగుతూ ముల్లు ఎర్రగీత మీద ఉండగా, గేజి ముందున్న చిన్న మరమేకును తిప్పి, ముల్లును మంచి అంకె మీదికి దించేశారు. తక్కెడ ఒకవైపు ఒరిగితే ముల్లు వంచి సరిచేసినట్టు. అందుకే ఫాను ఆగినప్పుడల్లా అది పాతాళానికి పోతోంది.

ఆవిడకు ఆ జిడ్డుకంటే ఇది ఎక్కువ రోత అనిపించింది.

కొత్త గేజి నిటారుగా బిగించింది. రెండు నోళ్లూ గాలికి తెరిచి ఉంచి సున్నా సరిచూసింది. కొత్త గొట్టాలు, నీరు వెనక్కి జారిపోయేలా వాలుగా కట్టింది. "గొయ్యి వైపు కొస తుడిచి తగిలించు," అని తమ్ముణ్ణి పంపి, తను తలుపు దగ్గర ఉన్న గేజికి నట్లు బిగిస్తూ ఉంది.

ముందు ఆవిడకు ఏమీ తెలియలేదు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మెడ మీదికి జారింది. సర్దుకోవాలనిపించలేదు. తల కాస్త తేలిగ్గా ఉంది. గాలి కూడా... బాగుంది.

చేతిలో రెంచి ఆగిపోయింది.

మెల్లగా మణికట్టు ఎత్తి, ఆ జిడ్డు ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఏమీ లేదు. ఏ వాసనా లేదు.

"ఒరేయ్..."

తమ్ముడు గొయ్యి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా. కళ్లు మూతలు పడుతున్నాయి.

"హాయిగా ఉందక్కా..." అన్నాడు. పక్కకు ఒరుగుతున్నాడు.

ఊపిరి బిగబట్టి ఎలా వెళ్లిందో, కాలరు పట్టుకుని ఆ జిడ్డు నేల మీద మూటలా వాణ్ణి ఎలా ఈడ్చుకొచ్చిందో ఆవిడకు ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. బయట సిమెంటు గచ్చు మీద పడేసి ఫాను వేసింది. వాడు దగ్గి దగ్గి కక్కుకున్నాడు. ఆవిడా గోడ పట్టుకుని కక్కింది. కాసేపటికి కంపు తిరిగొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఒక కంపును చూసి ప్రాణం లేచొచ్చినట్టు కావడం అదే మొదలు.

తెరిచిన తలుపులోంచి కొత్త గేజి కనిపిస్తోంది. ముల్లు ఎర్రగీత దాటి, ఇక పోవడానికి చోటు లేక అక్కడే కొట్టుకుంటోంది. ఫిల్టరు గోడలా పూడిపోయింది. ఫాను తిరుగుతున్నా గొయ్యి గాలి గదిలోనే ఉండిపోతోంది. కుళ్లిన గొయ్యిలో పుట్టే గ్యాసు మొదట ముక్కును చంపుతుంది. ఆ తర్వాత మనిషిని.

టార్చి వెలుగు ఒకటి ఊగుతూ వచ్చింది. మావయ్య.

"వచ్చిందా?" అన్నాడు గుసగుసగా.

"ఏది?"

"అదే... కంపు ఆగిందా?"

"ఆగింది మావయ్యా. ఆగితే ఏమిటో నీకు తెలుసా?"

ఆయన గదిలోని ముల్లు వంక చూశాడు.

"ఫాను తిరుగుతుండగా సున్నా తిప్పిందెవరు?"

"నీకు నేర్పిందే నేను. నాకు తిప్పడం రాదా?" అన్నాడు, అదేదో సరసమైనట్టు. "ఎర్రగీత కనబడితే ఫిల్టరు మార్చాలని ఫాను కట్టేస్తారు. మిల్లు ఆగుతుంది. సరుకు కుళ్లిపోతుంది."

"కుళ్లిందే కదా సరుకు."

"ఓనరుకు ఆ మాట నువ్వు చెప్పు."

"గ్యాసని వీళ్లకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే? మాస్కులంటారు. కిటికీలంటారు. పనికే రామంటారు. దెయ్యమంటే ఏమీ అడగరు అమ్మడూ, పరిగెత్తుతారు." ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఆ దెయ్యాన్ని పుట్టించింది నేనే. కంపు ఆగితే దెయ్యమొచ్చినట్టని మొదట చెప్పింది నేనే. నా దెయ్యం ఎంతమందిని బయటికి తరిమి బతికించిందో నీకేం తెలుసు?"

"మరి మాస్టారు?"

టార్చి ఆరింది. చీకట్లో ఆయన గొంతు చాలా మామూలుగా వచ్చింది.

"వాడికి దెయ్యాలంటే నమ్మకం లేదు."

తమ్ముడు గచ్చు మీద లేచి కూర్చున్నాడు. మావయ్య వంకే చూస్తున్నాడు.

"ఆ డ్యూటీ వీడికెందుకు వేశావు?"

"వీడు పిరికివాడేగా. పరిగెత్తుతాడనుకున్నాను."

తర్వాత ఆయన జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, పిడి ఆవిడ వైపు తిప్పి అందించాడు. పనిముట్టు అందించేటప్పుడు పిడి అవతలివాళ్ల వైపే ఉండాలని ఆవిడకు నేర్పింది ఆయనే. "ఆ ముల్లు కాస్త దించి పో తల్లీ. రేపో మాపో ఫిల్టరు మార్పిస్తాను."

ఆవిడ ఆ చెయ్యి చూసింది. శుభ్రంగా కడుక్కున్న చెయ్యి, గోళ్లు కత్తిరించుకున్న చెయ్యి. మణికట్టు మీది పురుగుల జిడ్డు తాకినప్పుడు కూడా అంత ఏవగింపు పుట్టలేదు.

"మీరు దూరంగా నిలబడండి," అంది. అంతవరకు ఆయన్ని ఏనాడూ మీరు అనలేదు.

ఉడికే డ్రమ్ములన్నీ తనే ఆపించింది. లోపలున్నవాళ్లను పేరుపేరునా పిలిచి గేటు బయటికి రప్పించి, అక్కడే నిలబెట్టి, అది గ్యాసని చెప్పింది. ఒకరిద్దరు నమ్మలేదు. దెయ్యమైతే నమ్మేవాళ్లే.

తెల్లారి అమ్మ ఏడ్చింది. "వాడు నా తోడబుట్టినవాడే. నోరు జారకే."

"వీడు నా తోడబుట్టినవాడు," అని గోడవారగా పడుకున్న తమ్ముణ్ణి చూపించి, ముల్లక్క చెప్పులేసుకుంది.

మొదట మాస్టారి భార్య దగ్గరికి వెళ్లింది. తర్వాత తనిఖీవాళ్ల దగ్గరికి, వాళ్ల పైవాళ్ల దగ్గరికి. పిలిచిన ప్రతిచోటికీ వెళ్లింది. సున్నా తిప్పిందెవరని అడిగిన ప్రతిసారీ మావయ్య పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. అది అమ్మ పుట్టింటి పేరు కూడా. అయినా ఒక్కసారి కూడా గొంతు తగ్గించలేదు.