తాలీం మట్టి

రండి తల్లీ, రండి నాయనా, ఇంకాస్త ముందుకు జరగండి. వెనక కూర్చున్నవాళ్లకు నా గొంతు వినపడినా, కథలో చీకటి కనపడదు. లాల్‌దర్వాజా మహంకాళి తల్లికి మనసులో ఒక్కసారి దండం పెట్టుకోండి. భయపడేవాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవచ్చు, తప్పేం లేదు. చెప్పే నాకే ఈ కథకు అరచేతులు చెమట పడతాయి.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం సంగతి. లాల్‌దర్వాజా గల్లీలో పప్పుల వ్యాపారం చేసుకునే వాసవాంబగారి ఇంట్లో, వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని భిక్షపతి ఉండేవాడు. భార్య రాజమణి, ఐదేళ్ల కూతురు మైసి. అంతే సంసారం. ఫ్యాక్టరీలో టెంపరరీ పని. బరువులెత్తే పోటీలో గెలిస్తే పర్మనెంట్ చేయిస్తానని సూపర్‌వైజర్ మాటిచ్చాడు. దాంతో భిక్షపతి వెనక గది ఖాళీ చేసి, ఇంట్లోనే కసరత్తుకు దిగాడు.

ఇనుప రాడు, ప్లేట్లు ఎక్కడివంటారా? తనకు కుస్తీ నేర్పిన పెంటయ్య ఉస్తాద్ తాలీంవి. కుస్తీ నేర్పే చోటును మన పాతబస్తీలో తాలీం అంటాం కదా. ఉస్తాద్ అంతకుముందు చలికాలంలోనే కాలం చేశాడు. తాలీంకు తాళం పడింది. "ఇనుముకు తుప్పు పట్టుడెందుకు బిడ్డా, నువ్వే తీస్కపో" అంది ఆయన భార్య సక్కుబాయి.

మొదటిరోజు భిక్షపతి బరువు తల మీదికి ఎత్తాడు, దించాడు. కింద షాబాద్ బండలు. ఇల్లంతా దద్దరిల్లింది. ముందు గదిలో పప్పు డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. వాసవాంబ కొంగు బిగించుకుని వచ్చింది.

"ఏందయ్యా, నా ఇంట్ల ఉంటున్నవా, నా ఇల్లు కూలగొడుతున్నవా?"

"కసరత్తు అమ్మా."

"నీ కసరత్తు పాడుగాను! ఒక్క బండ పలిగినా నీ సామాను గల్లీల ఉంటది. ముందే చెప్తున్న."

భిక్షపతి గోనె సంచులు మడిచి పరిచాడు. చప్పుడు తగ్గలేదు. పాత లారీ టైర్లు కోయించి పరిచాడు. ఇనుము వాటి మీద పడి ఎగిరొచ్చి మోకాలికి తగిలింది. రాజమణి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇగ మన బొంత ఒక్కటే మిగిలింది. అది గూడ పరుస్తవా?"

"నవ్వు, నవ్వు. రేపు నౌకరీ పక్కా అయినంక నవ్వుదువు."

అప్పుడు తట్టింది అతనికి. తాలీం మట్టి!

కుస్తీ పట్టే గోదాలోని ఆ ఎర్రమట్టిని మీరు చూశారో లేదో. పసుపు, నువ్వులనూనె, మజ్జిగ పోసి ఏళ్ల తరబడి కాళ్లతో మర్దించిన మట్టి. వెన్నలా ఉంటుంది. ఏనుగులాంటి మనిషిని ఎత్తి పడేసినా చప్పుడు రాదు. అయితే దానికొక కట్టుబాటు ఉంది. కుస్తీ ముగిశాక ఒంటికంటిన మట్టిని గోదాలోనే దులుపుకుని బయట కాలు పెట్టాలి. "గోదాల పుట్టిన పంతం గోదాలనే ఉండాలె. ఇంటికి మోస్కపోవద్దు" అనేవాడు పెంటయ్య. భిక్షపతి పదేళ్లు అలాగే దులుపుకున్నాడు. అంత తెలిసినవాడే, ఇప్పుడు మనసుకు ఇంకోలా నచ్చజెప్పుకున్నాడు. ఉస్తాద్ పాదాలు పడ్డ మట్టి. ఇంట్లో ఉంటే ప్రసాదంతో సమానం కదా!

దోస్తు సాయిలును తీసుకుని, మట్టిని సంచులకెత్తి బండి మీద తెచ్చాడు. సాయిలుకు మనసొప్పలేదు.

"అన్నా, గోదా కాడ హనుమంతుని పటం ఉంది. ఆయనకన్న ఒక మాట చెప్పినవా?"

"తాలీమే బందయింది. ఇంక ఎవలికి చెప్పాలె?"

గది నడుమ జానెడు మందాన మట్టి పరుచుకుంది. ఆ సాయంత్రం భిక్షపతి బరువు పైనుంచి వదిలేశాడు. 'దుబ్' అని కూడా అనలేదు. వాసవాంబ గుమ్మంలోంచి తొంగి చూసి, "గిట్లుండాలె" అని వెళ్లిపోయింది.

అందరికీ సుఖమే. కానీ ఆ మట్టి మీద చెక్క పెట్టి చదును చేస్తుంటే భిక్షపతికి ఉస్తాద్ గుర్తొచ్చాడు. చివరి ఏడాది తాలీంకు కుస్తీకి వచ్చేవాళ్లే లేరు. కుర్రాళ్లందరికీ ఇనుము మోజు. ముసలాయన ఒక్కడే గోదా చదును చేసి, మధ్యలో నిలబడి తొడ చరిచి కుస్తీకి పిలిచేవాడు. "రారా భిక్షపతీ, జోడీ పడదాం." మూలన బరువులెత్తుతూ భిక్షపతి తల కూడా తిప్పేవాడు కాదు. "రేపు ఉస్తాద్." ఏడాదంతా అదే జవాబు. రేపు. పైగా తన వీపుకు గోదా మట్టి ఎన్నడూ అంటలేదని గల్లీ అంతా చెప్పుకునేవాడు. నిజమే. కుస్తీలో వీపు మట్టికి ఆనితే ఓడినట్టే, అతన్ని అలా పడగొట్టినవాడు లేడు.

మట్టి పరిచిన తెల్లారి చూస్తే, చదును చేసింది చెదిరి ఉంది. పిల్లి అనుకున్నాడు. మర్నాడు మడమల గుర్తులు కనిపించాయి. వెడల్పాటి మడమలు, బొటనవేలు పక్కకు విచ్చుకున్న పాదాలు. వాటికి ఎదురుగా ఇంకో జత గుర్తులు ఉన్నాయి.

చిన్నవి.

ఆ పొద్దున రాజమణి కూతురికి జడ వేస్తూ ఆగిపోయింది. పాపిట నిండా ఎర్రమట్టి. రవికె తీసి చూస్తే వీపంతా మట్టే.

"ఏడ పొర్లినవే?"

"తాతతోని ఆడిన."

"ఏ తాత?"

"తొడ కొట్టే తాత. నా ఈపు మట్టికి ఆనింది. ఇంకొక్కసారి ఆనితే నేను ఆయనతోనే ఉండాలెనంట."

భిక్షపతి చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ మాటలు పసిపిల్లకు ఎవరు నేర్పారు? గదికి పెద్ద తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మట్టి తిరిగి మోసేద్దామంటే బండ్లు దొరకలేదు. మరునాడే బోనాలు. బండ్లన్నీ పండగ పనుల్లో ఉన్నాయి. ఒక్కరోజే కదా, సోమవారం పొద్దున్నే తీసుకుపోదాం అనుకున్నాడు.

ఆదివారం మైసికి ఒళ్లు కాలిపోతోంది. తల్లికి మొక్కిన బోనం ఆపరాదు కదా! రాజమణి బోనమెత్తుకుని వాసవాంబతో గుడికి బయల్దేరింది. "పిల్ల పైలం, మంచిగ చూస్కో" అని రెండుసార్లు చెప్పి వెళ్లింది. గల్లీ గల్లీ అంతా గుడి దగ్గరే ఉంది. పొద్దుగుంకుతోంది. దూరంగా డప్పులు. భిక్షపతి కూతురి నుదుటి మీద తడిగుడ్డ మార్చి, నీళ్లకని వాకిట్లోకి వెళ్లాడు.

కరెంటు పోయింది.

అదేం విచిత్రమో, డప్పులు మోగుతూనే ఉన్నా చెవికి అందడం మానేశాయి. గాలి నిలిచిపోయింది. ముందు వాసన వచ్చింది. పసుపు, నువ్వులనూనె, పాత చెమట. బతికున్న మనిషి ఒంటి వాసన. ఆ తర్వాత...

ఫట్.

తొడ చరిచిన చప్పుడు. వెనక గదిలోంచి.

భిక్షపతి లోపలికి ఉరికాడు. మంచం మీద దుప్పటి ఉంది. తడిగుడ్డ ఉంది. మైసి లేదు. వెనక గది తాళం వేసింది వేసినట్టే వేలాడుతోంది. తలుపు అవతల మాత్రం... చిన్న ఊపిరి. ఎగపోస్తున్న ఊపిరి.

తాళంచెవి దూరదే! వేళ్లు జారిపోతున్నాయి. "అమ్మా మహంకాళీ... అమ్మా..." ఎట్టకేలకు తాళం వచ్చింది. తలుపు తోశాడు.

కిటికీ బయట ఎవరో కాగడా పట్టుకుని పోతున్నారు. ఆ వెలుగులో చూశాడు. మట్టి నడుమ మైసి. మోకాళ్లు వంచి, చేతులు చాచి, మల్లయోధుడిలా నిలబడి ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. కానీ మట్టి అణుగుతోంది. ఒక మడమ... ఇంకో మడమ... పిల్ల చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి. ఆమె మెడ మీది వెంట్రుకలు అరచేతి కింద నలిగినట్టు నలిగాయి. తల వంగింది. పాదాలు మట్టిని వదిలి పైకి లేచాయి. వీపు కిందికి తిరుగుతోంది...

"ఉస్తాద్!"

గాల్లో పిల్ల ఆగింది.

"పసిది ఉస్తాద్... ఇడువు. నీ కాళ్లు మొక్కుత."

కాగడా వెళ్లిపోయింది. కటిక చీకటి. చెవి పక్కనే నూనె వాసనతో గుసగుస.

"మట్టి తెచ్చినవ్... జోడీ ఎవలు మరి?"

నాయనా, ఆ క్షణాన భిక్షపతి ఏం చేశాడో చూడండి. కండలున్నవాడు. కలబడొచ్చు. పదేళ్లు నేర్చిన పట్లన్నీ చేతుల్లో ఉన్నాయి. చొక్కా విప్పాడు. చిటికెడు మట్టి నుదుటికి అద్దుకుని గోదాలో అడుగు పెట్టాడు.

"రేపు అనను ఉస్తాద్. ఇయ్యాల్నే."

అని, కలబడలేదు. వెల్లకిలా పడుకున్నాడు. రెండు భుజాలూ మట్టికి ఆనించి, చేతులు చాచి పడుకున్నాడు.

"నా ఈపు ఆనింది. నువ్వే గెలిచినవ్. నా బిడ్డనిడువు."



పక్కన మెత్తగా ఏదో దిగిన అలికిడి. మైసి ఏడుపు అందుకుంది. వెంటనే అతని రొమ్ము మీద మోకాలు పడింది. అప్పటిదాకా అతనెత్తిన ఇనుమంతా ఒక్కసారి పేర్చినా అంత బరువుండదు. పక్కటెముకలు కిర్రుమన్నాయి. ఊపిరి అందలేదు. ఐనా చెయ్యెత్తలేదు. మనసులో బజరంగబలిని తలుచుకుంటూ, భుజాలు కదపకుండా ఉన్నాడు.

బరువు... మెల్లమెల్లగా... లేచిపోయింది. ఒక్కసారిగా డప్పులు వినపడ్డాయి.

అతను కూతుర్ని దగ్గరికి లాక్కుని, చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో, ఒక్క రేణువు మిగలకుండా ఆ గోదాలోనే దులిపాడు. తననూ దులుపుకున్నాడు. సోమవారం తెల్లవారకముందే సాయిలు బండి తెచ్చాడు. మట్టంతా తాలీంకు చేరింది. సక్కుబాయి దీపం పెట్టింది, హనుమంతుని పటం ముందు కొబ్బరికాయ కొట్టారు. భిక్షపతి పోటీకి పోలేదు. ఇనుము మళ్లీ ముట్టలేదు.

మైసి జ్వరం తగ్గింది. ఆడింది, పాడింది, అన్నం తింది. ఇక అంతా శుభమే అనుకున్నారు. వారం తిరిగాక ఒక మాపటేళ, వాకిట్లో నిద్రపోయిన పిల్లను లోపల పడుకోబెడదామని రాజమణి వంగింది.

"ఏమయ్యా... ఒకసారి రా."

"ఏంది?"

"పిల్లను ఎత్త వస్తలేదు."

భిక్షపతి నవ్వుతూ వచ్చాడు. పిల్ల కింద చేతులు దూర్చాడు. ఊపిరి బిగబట్టాడు. మెడనరాలు ఉబ్బాయి. చాప మీంచి మైసి వెంట్రుకవాసి కూడా లేవలేదు. ఆ చీకట్లో తన రొమ్ము మీద పడ్డ బరువు లాంటిదే అది.

దవాఖానలో కాంటా మీద నిలబెడితే వయసుకు తగ్గ బరువే చూపింది. గల్లీలో లేడిపిల్లలా గంతులేస్తుంది. కానీ ఆనాటి నుంచి ఆ పిల్లను నేల మీంచి ఎత్తగలిగిన చెయ్యి లేదు.

ఎందుకో నేను చెప్పలేను తల్లీ. ఆ మహంకాళికే తెలియాలి. నాకు తెలిసింది ఒక్కటే, అదే మీ చేతిలో పెడుతున్నాను. ఎన్నడూ పడనివాడు, బిడ్డ కోసం తనంతట తాను వెల్లకిలా పడుకున్నాడు. ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఇంటికి చేరాక, నిద్రపోయేలోగా, ఇంకొక్కరికి చెప్పండి.