పసుపు తాగే గడప

కాళ్లు పొట్టివైతే పిల్లల తప్పేనా, గడప ఎందుకు పెరుగుతోందని ఎవరూ అడగరేం... అడవిలో నడుస్తున్నంతసేపూ పంతులమ్మ చెన్నమాంబ అదే మాటను నములుతూనే ఉంది.

కుందవరం పెద్దబడి రాతిగడప ఏదో మాయ వల్ల ఏటేటా పెరుగుతూ పిల్లల గొంతు దాకా వచ్చింది. గడపను తొక్కడం అపచారం కనుక ఎక్కి దిగడానికి వీల్లేదు. కోటవీధి పిల్లలనూ పంతుళ్లనూ బోయీలు పల్లకిలో ఎత్తి లోపల దించుతారు. పడవవాడ పిల్లలు బయటే నిలబడతారు. దాటలేనివాళ్లకు చదువెందుకని మంత్రి ఆమె మొరను కొట్టేశాడు. సాటి పంతుళ్లు తలలూపారు. ఈ విజయదశమికి లోపల అడుగుపెట్టకపోతే పడవవాడ గంగిని వాళ్ల నాన్న తెడ్డు పనిలో పెట్టేస్తాడు. బయట నిలబడే చదవడం నేర్చిన పిల్ల అది. అందుకే, ఆ మాయ చేశాడని అందరూ చెప్పుకునే రాక్షసుణ్ణి నిలదీయడానికి చెన్నమాంబ అడవిలోని అతని గుహకు బయల్దేరింది.

లోయలో ఒక కొండచిలువ దారికి అడ్డంగా పడుకుని ఉంది. జనం నీకు పెట్టే దండాలన్నీ నాకిస్తే కదులుతానంది. చెన్నమాంబ ఇచ్చేసింది. ఇచ్చాక గుండెలో కలుక్కుమంది. ఇంత చిన్నదానికా అని తన మీద తనకే రోత పుట్టింది.

గుహలో రాక్షసుడు ఆమె మాట విని పడీపడీ నవ్వాడు.

"నేను జానెడు రాయి పాతానంతే, పంతులమ్మా. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, మొక్కి, దాన్ని మేపింది మీరు. నీ చేతులు చూసుకో."

ఆమె అరచేతులు పచ్చగా ఉన్నాయి.

"మరి దిగేదెలా?"

"ఎవరైనా దానిమీద కూర్చుంటే దిగుతుంది. మీలో ఎవరూ కూర్చోరులే. ఆ ధైర్యంతోనే హాయిగా నిద్రపోతున్నాను."

విజయదశమి పొద్దున ఆమె బడి ముందుకు చేరింది. ఒక్కరూ దండం పెట్టలేదు. పెద్దపంతులు మాత్రం పసుపుగిన్నె అందించి, "కానివ్వండమ్మా, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు. అలవాటుపడిన చేయి దానంతటదే గిన్నెలో మునిగింది. గడప అవతలేముందో చూడాలని గంగి పలక పట్టుకుని మునివేళ్ల మీద నిలబడింది.

"అమ్మగారూ, ఈసారి ఇంకా పెరిగిందా?" అని అడిగింది, ఏడుపు లేకుండా.

చెన్నమాంబ గిన్నె కింద పెట్టింది. పచ్చటి చేతులు రాతిమీద ఆనించి, మోకాలు మోపి పైకెక్కి, అందరూ చూస్తుండగా గడప మీద కూర్చుంది. రాయి మూలిగి నేలలోకి దిగసాగింది. ఆమె ఒక పక్కకు జరిగి, గంగికి చోటిచ్చింది.