ఆరని వార్నిష్

"అక్కా, రెండింటికల్లా ట్రామ్ కదలకపోతే నన్ను మళ్లా నడపనియ్యరు," అన్నాడు శ్రీహర్ష, కుర్చీ అంచున కూర్చుని.

జర్మనీలోని హానోవర్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ అయిన సుభద్ర కాఫీ కప్పు కింద పెట్టింది. "మొదటినుంచి చెప్పు."

శ్రీహర్ష సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు రోజుల్లో ఊరి బయట షెడ్డులో, పాత ఎలక్ట్రిక్ ట్రాములను బాగుచేసే వలంటీర్లతో ఉంటాడు. వాళ్లు తొమ్మిదేళ్లు కష్టపడి బాగుచేసిన ట్రామ్ ఇవాళే, శనివారం మధ్యాహ్నం, తొలిసారి జనాన్ని ఎక్కించుకోవాలి. నడిపేది శ్రీహర్షే. దాన్ని నడిపే ఇత్తడి హ్యాండిల్ మాయమైంది. ఇంకొకటి లేదు.

"తొమ్మిదింటికి సంతకం పెట్టి తీసుకున్న. ట్రామ్‌ల కొక్కేనికి తగిలించి కాఫీకి పోయిన. వచ్చేసరికి లేదు. రిజిస్టర్‌ల ఎవరి సంతకముంటే వాళ్లదే బాధ్యత. మా డ్రైవర్ల రూల్ అది."

సుభద్ర, సహాయకురాలు గీతిక అతనితో షెడ్డుకు పోయే ఎస్-బాన్ లోకల్ రైలు ఎక్కారు.

షెడ్డులో, ట్రామ్‌లోని ఆ కొక్కెం మీద గోధుమరంగు వేలిముద్ర ఉంది. "గ్రీజా మేడమ్?" అంది గీతిక. సుభద్ర దాన్ని వాసన చూసింది.

పొద్దుట షెడ్డులో ఉన్నది మరో ముగ్గురే. మెకానిక్ హోల్గర్ నల్లటి చేతులు చాపాడు. "ట్రామ్ కిందే ఉన్నాను. నేను ముట్టుకుంటే మసి అంటుతుంది."

అధ్యక్షుడు యూర్గెన్ విసుక్కున్నాడు. "గేటుకు బ్యానర్ కడుతున్నాను. ముందు ఆ అబ్బాయి జేబులు వెతకండి! వాడు టోపీ నెత్తిన పెట్టుకుని, దానికోసమే వెతుకుతాడు." అంటూ సీటు మీద చెయ్యి ఆనించబోయాడు.

"ఆగండి!" అని అరిచింది రెనాటె. చెక్క సీట్లకు మెరుగు పెట్టింది ఆమే.

"మీ పని ఎప్పుడు ముగిసింది?" అడిగింది సుభద్ర.

"గురువారం. ఇవాళ ఊరికే వచ్చాను." ఆమె పక్కన పొడవాటి డబ్బాలో కుంచెలు టర్పెంటైన్‌లో నానుతున్నాయి. మిగతా పనిముట్లు కడిగి, తుడిచి, వరసగా ఉన్నాయి.

సుభద్ర అందరినీ దగ్గరికి పిలిచింది.

"కొక్కెం మీద ఉన్నది గ్రీజు కాదు, వార్నిష్. అంటే సీట్లు ఇంకా ఆరలేదు. తీసినవాళ్లు అంతకుముందే సీటు తాకి చూశారు. ఆరలేదని తెలిసినవాళ్లే యూర్గెన్ గారిని ఆపారు. ఇంత శుభ్రమైన మనిషి కుంచెల్ని రెండు రోజులు నానబెట్టి వదిలేయదు, డబ్బాలో ఏదైనా దాస్తే తప్ప."

ఆమె కుంచెలు తప్పించి హ్యాండిల్ పైకి తీసింది. గీతిక కళ్లు పెద్దవయ్యాయి.

రెనాటె మొహం ఎర్రబడింది. "సోమవారం దాకా ఆగమన్నాను. శనివారమేనని పేపర్లో వేయించేశాం అన్నారు. ఆరు పూతలు వేశాను యూర్గెన్! జనం కూర్చుంటే కోట్ల బొచ్చంతా అంటుకుపోతుంది." శ్రీహర్ష వైపు తిరిగింది. "నేను డ్రైవర్ని కాను. సంతకం పెట్టినవాడి మీదికి వస్తుందని తెలియదు బాబూ. తప్పయింది."

యూర్గెన్ సీటును వేలితో తాకాడు. వేలు అంటుకుంది. "నిన్నూ నమ్మలేదు, నిన్నూ నమ్మలేదు," అన్నాడు ఇద్దరితో. "ఇవాళ్టికి ఆపేద్దాం."

"ఎందుకు ఆపుడు?" అన్నాడు శ్రీహర్ష. "అందరినీ నిలబెట్టి తీస్కపోదాం. హైదరాబాద్ బస్సుల మాకు సీటు దొరికిందెప్పుడు?"

రెండింటికి గంట మోగింది. శ్రీహర్ష హ్యాండిల్ తిప్పాడు. రెనాటె చేతులు చాపి సీట్లకు కాపలా కాసింది. మలుపులో జనమంతా నవ్వుతూ ఒకేవైపు ఒరిగారు. ఒక్కరూ కూర్చోలేదు.