ఎనిమిదో పేజీ

చిత్తూరు కోర్టు వెనక ఒక సందు ఉండేది. పొద్దుగూకితే ఆ సందులో అడుగుపెట్టే మొనగాడు లేడు. సందు చివర రచయితల సహకార ప్రెస్సు. సాయంత్రమే తాళం వేసి పోయే ఆ ప్రెస్సులోంచి రాత్రిళ్లు చప్పుడు వచ్చేదట. తిక్... తిక్... సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చే చప్పుడు.

దెయ్యమని తేల్చింది అందులో పనిచేసే వెంకటమునే.

"పొద్దున్నే వచ్చి సూస్తే గళ్లలో అచ్చరాలు తగ్గిపోతా ఉండాయి సార్. రోజుకు కొన్ని. ఆయనే తీస్కుంటా ఉండాడు."

ఆయనంటే మునివెంకటప్ప. ఆ ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు. మాఘమాసంలో పోయాడు.

ప్రెస్సు సెక్రెటరీ చెంగల్రాయుడు నవ్వేశాడు. ఆ నవ్వు పైకే. ఎందుకంటే తను చేసిన పని తనకు తెలుసు.

ఆ ప్రెస్సు పదిమంది వాటాలు వేసుకుని పెట్టుకున్నది. పెళ్లికార్డులు కొట్టి బతుకుతూ, వంతులవారీగా ఒక్కో సభ్యుడి పుస్తకం వేసేవాళ్లు. వాటాదారుల్లో ఒకడైన మునివెంకటప్ప వంతు పదకొండేళ్లకు వచ్చింది. ఊరందరి రాతలూ పేర్చిన ఆ మహానుభావుడు తన నవలను మాత్రం కాయితం మీద పెట్టలేదు. మనసులోంచి నేరుగా సీసంలోకి పేర్చుకుంటూ పోయాడు! ముందు పేజీలన్నీ అచ్చయ్యాక చివరి ఎనిమిది పేజీలు పేర్చి, ఒక్కోదాన్నీ దారంతో బిగించి కట్టి ఇంటికెళ్లాడు. ఆ రాత్రే పోయాడు.

ఉన్న అక్షరాలే కొన్ని. పాత పేజీ విప్పితేనే కొత్తది పేర్చేది. ముహూర్తాల రోజులు, కార్డులవాళ్లు తలుపు దగ్గరే కూర్చున్నారు. ఆ పేజీలు అచ్చయిపోయినవే అనుకుని చెంగల్రాయుడు తన చేత్తోనే విప్పేశాడు. మునివెంకటప్పది ఎడమచేతి వాటం, ఆ ముడి ఇంకొకరికి లొంగదు. బ్లేడుతో కోశాడు.

ఒక్క ప్రూఫయినా తీయలేదని తర్వాత తెలిసింది. నవలకు ముగింపు లేకుండా పోయింది. ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయాడు.

చైత్రంలో ఒక రాత్రి... తిరుపతి నుంచి కాయితం కట్టతో వస్తుంటే పూతలపట్టు దగ్గర బస్సు ఆగిపోయింది. చిత్తూరు చేరేసరికి ఒంటిగంట. కట్ట ప్రెస్సులో పడేసి పోదామని సందులోకి తిరిగాడు.

తలుపుకు తాళం లేదు.

తిక్... తిక్...

కట్ట కింద పెట్టి, తలుపు సందున నోరు పెట్టి గుసగుసగా అన్నాడు—

"మునెంకటప్పా... తప్పయిపోయిందప్పా. తెలీక విప్పేసినా."

చప్పుడు ఆగింది.

"ఆయన కాదప్పా... నేను."

తలుపు తోసి చూస్తే, కొవ్వొత్తి పక్కన మునివెంకటప్ప భార్య తాయమ్మ! చేతినిండా సీసం మసి.

"వదినా! నువ్వా?"

"అన్నం క్యారియరు తెచ్చి ఆయన పక్కన కూర్చొని నేర్చుకున్నా. కత నాకు రోజూ చెప్తానే ఉండె. కోసి పారేసిన దారాలు చూసినపుడే విప్పేసినారని నాకు తెలిసె. తాళంచెవి ఆయన జేబులో ఉండె. పగలైతే గళ్లు మీ కార్డులకు కావాల కదా..."

చెంగల్రాయుడికి దుఃఖం ఆగలేదు. ఆమె తన చేతిలో ఉన్న పేజీని చీర అంచు పీలికతో కట్టి అందించింది. పేర్చినవన్నీ దాచిన రేకు పళ్లెం విరిగిన కటింగ్ మిషన్ కింద ఉందని చూపింది. దాన్ని లాగి, ఈ పేజీ కూడా పెట్టి లెక్కపెట్టాడు.

"ఎనిమిదీ అయిపోయినాయి వదినా! పుస్తకం గట్టెక్కింది."

తాయమ్మ వేళ్లు మడిచి లెక్కేసుకుంది.

"ఏడే కదప్పా. ముగింపు నాకు చెప్పలా. ఎన్నిసార్లు అడిగినా, అచ్చులో చూసుకోమే అంటా నవ్వె."

కొవ్వొత్తి కిందికి దించాడు. ఏడు పేజీలకు చీర అంచులు. మూలనున్న ఎనిమిదోదానికి... తెల్లటి దారం.

ముడి మీద వేలు పెట్టి చూశాడు. ఎడమచేతి ముడి.

చప్పున వేలు వెనక్కి తీసుకున్నాడు. తాయమ్మ మాత్రం భయపడలేదు. పళ్లెం పక్కన నేల మీద చతికిలబడి, ఆ పేజీ మీది మసిని కొంగుతో మెల్లగా తుడిచింది.

"చదువప్పా," అంది. "కడాకు ఏమయిందంట?"