ఆ గట్టున మిగిలినవాళ్లు

తుంగభద్ర ఒడ్డున మారెప్పది పుట్టి నడిపే ఇల్లు. వెదురు బద్దలతో అల్లి, ఆదోని నుంచి తెచ్చిన తారు పూసిన గుండ్రటి పుట్టి. అందులో జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించడం వాళ్ల తాతల నాటి పని. ఈ గట్టు మనది, ఆ గట్టు కర్ణాటక. అయినా ఆడపిల్లలను ఇచ్చుకోవడం, తెచ్చుకోవడం రెండు గట్ల నడుమే జరిగేది. మారెప్ప భార్య లింగమ్మ చెల్లెలు ప్రేమలతను కూడా అలాగే ఆ గట్టు ఊరికి ఇచ్చారు.

కరోనా వచ్చిన ఎండాకాలం నది మళ్లీ సరిహద్దయింది. రెండు గట్ల మీదా కాపలా పెట్టారు.

‘మళ్లీ’ అనడానికి కారణం ఉంది. ముసలివాళ్లు ఒక మాట చెప్పుకునేవాళ్లు. టిప్పు చచ్చిన యుద్ధం ముగిశాక నైజాం నవాబు ఈ గట్టును కుంపిణీ తెల్లదొరలకు ఇచ్చేశాడట. నిన్నటిదాకా ఒకే రాజ్యంగా ఉన్న ఊళ్లు రెండు దేశాలైపోయాయట. ఆ గడబిడలో, చుట్టాలను చూడటానికి అవతలికి పోయినవాళ్లు కొందరు తిరిగి రాలేక, గట్టున నిలబడి పుట్టి కోసం పిలిచి పిలిచి అక్కడే పోయారంటారు. మునిమాపు వేళ ఆ గట్టు నుంచి పిలుపు వస్తే పుట్టి విప్పొద్దని మారెప్పకు వాళ్ల నాయన చెప్పాడు. తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తారని కూడా చెప్పాడు.

ఆ ఎండాకాలమే లింగమ్మ తల్లి పోయింది. ఎమ్మిగనూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మరునాడు మధ్యాహ్నం కన్ను మూసింది. కబురు తెలిసి ప్రేమలత ఫోన్‌లో ఏడ్చింది. నడిచైనా గట్టుకు వస్తానంది, బావను పుట్టి తెమ్మనంది. ఊళ్లోవాళ్లేమో రోజులు బాగాలేవు, తొందరగా మట్టి చేయమంటున్నారు.

“అమ్మ మొగం అది ఒక్కసారన్నా సూడాల. పోయి తీసుకరా,” అని లింగమ్మ తన ఫోన్ మారెప్ప చేతికిచ్చి పంపింది.

మారెప్ప రేవుకు పోయాడు. అంతకుముందు వారమే పై రేవులో ఎవరినో దాటించినందుకు ఒకతని పుట్టిని గొడ్డలితో పగలగొట్టారు. అది తలచుకుంటూ బోర్లించిన తన పుట్టి చాటున కూర్చున్నాడు. డ్యాం నుంచి తాగునీళ్లు వదలడంతో నడుమ పాయ నిండుగా పారుతోంది. పాచి వాసన. ఎండకు కాగిన బండల వాసన. అవతలి గట్టు మెల్లగా మసకబారుతోంది.

“బావా...”

ఆకుపచ్చ చీర. చెయ్యి ఊపుతోంది.

“బావా, పుట్టి తీసుకరా...”

జేబులో ఫోన్ మోగింది. మారెప్ప దాన్ని నొక్కి ఆపేశాడు. నాయన మాట గుర్తు తెచ్చుకున్నాడు. ఇది మునిమాపు పిలుపు, ప్రేమలత కాదు అనుకున్నాడు. దెయ్యాల దగ్గర ఫోన్ ఉండదని అతనికి తెలుసు. అయినా అలాగే అనుకుంటూ కూర్చున్నాడు.

పిలుపు చాలాసేపు వచ్చింది. తరువాత ఆగిపోయింది.

ఫోన్‌లో ఆ కాల్ చెరిపేసి ఇంటికొచ్చి, ఎవరూ రాలేదని చెప్పాడు. అత్తను మట్టి చేశారు. మరునాడు ప్రేమలత దిగువన జమ్ములో చిక్కుకుని దొరికింది. నడిచి దాటబోయి పాయలో పోయిందన్నారు. నువ్వు తిరిగొచ్చినాక వచ్చినట్టుంది, నీదేం తప్పు లేదని లింగమ్మ అతన్నే ఓదార్చింది. ఆ మాటలు వింటూ మారెప్ప తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి మునిమాపు అయితే చాలు, పిలుపు మొదలయ్యేది. లింగమ్మకు వినపడదు. అతను చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నాడు. అప్పుడు ఇంకా దగ్గరగా వినిపించింది.

వానలు పోయాయి. కాపలాలు తీసేశారు. జనం మళ్లీ పుట్టి ఎక్కుతున్నారు. మారెప్ప మాత్రం పొద్దు వాలకముందే ఇల్లు చేరేవాడు. ఒకరోజు ఇక ఓర్చుకోలేకపోయాడు. పిలుపు వస్తుండగానే పుట్టి విప్పి నీళ్లలోకి తోశాడు.

అవతలి గట్టున ఎవరూ లేరు. గాలి కూడా లేదు.

“ప్రేమా... ఎక్కు తల్లీ,” అన్నాడు గొంతు తగ్గించి.

పుట్టి ఒక పక్కకు ఒరిగింది. సర్దుకుంది. తడిసిన పాత బట్టల వాసన కొట్టింది. అతను తెడ్డు ఎత్తాడు.

పుట్టి ఇంకోసారి ఒరిగింది...

మళ్లీ ఒరిగింది...

అంచు దాదాపు నీళ్లకు తగిలేదాకా దిగింది. తెడ్డు వేస్తుంటే మోచేయి దేనికో తగిలింది. చల్లగా ఉంది. అతను వెనక్కి చూడలేదు. తప్పయింది, తప్పయింది అని గొణుక్కుంటూ తెడ్డు వేశాడు. వీపు వెనక ఊపిరి తీసే చప్పుడు... ఒక్కరిది కాదు.

ఈ గట్టు తగలగానే పుట్టి తేలికై పైకి లేచింది. దాన్ని కట్టెయ్యకుండానే అతను ఇంటికి నడిచాడు.

లింగమ్మ వసారాలో చాపలు పరుస్తోంది. చాపలు అయిపోయి గోనెపట్టాలు పరిచింది. అవీ అయిపోయి తన చీరలు తెచ్చింది.

ఎవరికని అడిగాడు.

“వచ్చినోళ్లకు. శానా కాలం నిలబడే ఉండారంట పాపం. కాళ్లు పడిపోయినాయంట.”

వాటి మీద ఎవరూ లేరు. చాపలు మాత్రం ఒకదాని తరువాత ఒకటి తడుస్తున్నాయి.

“ప్రేమ... వచ్చిందా?”

లింగమ్మ అతని వైపు చూడలేదు. “ల్యా. అది పిలిస్తే నువ్వు పుట్టి చాటున దాక్కున్యావంట. వీళ్లందరూ సూసినారంట.”

మారెప్ప గోడకు ఆనుకున్నాడు. లింగమ్మ ఆఖరి చీర మడత విప్పి, అందరికీ దూరంగా, గుమ్మం పక్కన పరిచింది.

“ఇది నీకు,” అంది. “పండుకో.”

అతను వంగి చీర మీద చెయ్యి వేశాడు. అది అప్పటికే తడిసి ఉంది... తన ఒంటిలాగే వెచ్చగా.