యాడ్స్ రాని ఆట

లిఫ్ట్ మెకానిక్ శవం మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య దొరికింది.

మంగళవారం. ఉదయం పదకొండూ ముప్ఫై నాలుగు.

అతను లిఫ్ట్ పైకప్పు మీద నిలబడి, పాడైపోయిన స్టాప్ స్విచ్ మారుస్తున్నాడు. కరెంటు ఆపి ఉంది. ఉన్నట్టుండి వచ్చింది. అయిదో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. లిఫ్ట్ లేచింది. పైనున్న ఇనుప దూలం కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ అతని ఫోన్ చూశాడు. అద్దం పగిలినా పనిచేస్తోంది. చివరి మూడు కాల్స్ ఒకే నంబరుకి. 11.24. 11.26. 11.28. ఒక్కటీ కలవలేదు.

"చుట్టూ ఇనుము, కాంక్రీటు సార్. లోపల సిగ్నల్ ఎక్కడుంటుంది?" అన్నాడు కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ నిజమే అనుకున్నాడు. ఆ పొరపాటుకి రెండు రోజులు వృథాగా పోయాయి.

ఆ నంబరు చనిపోయినవాడి బావమరిదిది. నలభై ఏళ్ల మనిషి. పదేళ్లుగా బావతోనే పని. బావ లిఫ్ట్ మీద ఉంటే, డాబా మీది మెషిన్ రూములో మెయిన్ స్విచ్ దగ్గర కాపలా ఇతనిది.

"మెయిన్ వేసిందెవరు?"

"నేను కాదు సార్."

"నువ్వెక్కడున్నావు?"

"వాటర్ ట్యాంకు వెనక, నీడలో. రూములో ఉక్కగా ఉందని."

"ఏం చేస్తున్నావక్కడ?"

"బావ ఫోన్ చేస్తే వెళ్లి మెయిన్ వేద్దామని చూస్తున్నా."

"ఊరికే కూర్చుని చూస్తున్నావా?"

అతను తల దించుకుని ఫోన్ అందించాడు. ఒక చిన్న ఆట. నల్లటి ఆకాశం. అడుగున బొటనవేలితో జరిపే రాకెట్. పైనుంచి బారులు తీరి దిగే శత్రునౌకలు. వాటిని కాల్చాలి, లేదా తప్పుకోవాలి. అంతే.

"బావా నేనూ పందెం సార్. ఆయన స్కోరు ఇరవై రెండు వేలు. నువ్వు నన్ను దాటిన రోజు నీ టూల్ బ్యాగు నేను మోస్తారా అనేవాడు."

"మధ్యలో యాడ్స్ విసిగించవా?"

"అస్సలు రావు సార్."

ఇన్‌స్పెక్టర్ స్కోర్ల పట్టీ చూశాడు. చివరి ఆట 11.29కి ముగిసింది. ఫోన్ తిరిగిచ్చేశాడు.

ఇక మిగిలింది వాచ్‌మన్. అరవై దాటిన మనిషి. లిఫ్ట్ ఎప్పుడు నడుస్తుందని మూడో అంతస్తు పళ్ల డాక్టరు పొద్దున్నుంచీ ఆయన్ని తిడుతూనే ఉన్నాడు. 11.26కి వాచ్‌మన్ మెట్లెక్కడం కెమెరాలో పడింది. దిగింది 11.31కి. కరెంటు వచ్చింది సరిగ్గా 11.30కి.

"ఇంకెంతసేపని అడగడానికి వెళ్లాను బాబూ. రూములో ఎవరూ లేరు. పిలిస్తే పలకలేదు. కాసేపు చూసి దిగొచ్చేశా."

"స్విచ్ ముట్టుకోలేదా?"

"నా ఇంట్లో ఫ్యాన్ స్విచ్ కూడా మనవరాలే వేస్తుంది బాబూ. నాకెందుకా మెయిన్?"

ఎవరూ నమ్మలేదు. ఆయన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు.

మెకానిక్ భార్య టైలరు. రెండు రోజులూ స్టేషన్‌కి వచ్చింది. ఏడవలేదు. ఒకటే అడిగింది.

"మనిషి మూడుసార్లు ఫోన్ చేశాడు సార్. ఎందుకు వినపడలేదు? అదొక్కటి చెప్పండి. పిల్లలు అడుగుతున్నారు."

వెనకాల ఆమె తమ్ముడు నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు.

గురువారం మధ్యాహ్నం. మార్చురీ బయట రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఇన్‌స్పెక్టర్ ఆ ఆటని తన ఫోన్లో దించుకున్నాడు. నలభై సెకన్లలో రాకెట్ పేలిపోయింది. తలనూనె యాడ్. మళ్లీ ఆడాడు. పేలింది. కుక్కర్ యాడ్. మూడోసారి మళ్లీ తలనూనె.

నాలుగోసారి ఆడలేదు. లేచి జీపెక్కాడు.

మూడు గంటలకి అక్కాతమ్ముళ్లనీ వాచ్‌మన్‌నీ డాబా మీదికి రప్పించాడు. కానిస్టేబుల్ని మాత్రం కింద, ఆగి ఉన్న లిఫ్ట్ పైకప్పు మీదికి ఎక్కించాడు.

3.05. ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోన్ మోగింది.

"వినపడుతోంది సార్, శుభ్రంగా," అన్నాడు కానిస్టేబుల్ లోపలినుంచి.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసి బావమరిది వైపు తిరిగాడు.

"లోపల సిగ్నల్ ఉంది. ఇక్కడా ఉంది. మరి మూడు కాల్స్ ఏమయ్యాయి?"

"తెలీదు సార్."

"ఈ ఆటలో ఓడిన ప్రతిసారీ యాడ్ వస్తుంది. నీకు అస్సలు రాలేదు. ఎలా?"

అతను ఫోన్ జేబులోకి తోసుకున్నాడు.

"విమానం గుర్తు నొక్కావు. ఫ్లైట్ మోడ్. యాడ్స్ రావు. ఫోన్లూ రావు. ఫోన్ కోసం ఎదురుచూసేవాడెవడూ ఫోన్ ఆపుకోడు. అంటే నువ్వు ఎదురుచూసింది ఫోన్ కోసం కాదు. గడియారం కోసం. ఆట 11.29కి ఆపావు. కరెంటు 11.30కి వచ్చింది. విసుగుతో స్విచ్ వేసేవాడు అంత కచ్చితంగా నిమిషం చూసుకుని వేస్తాడా?"

బావమరిది ట్యాంకుకి ఆనుకుని కూర్చున్నాడు.

"పదకొండున్నరకి మెయిన్ వేసెయ్యి అన్నాడు సార్ బావ. ఆలస్యమైతే నేనే ఫోన్ చేస్తా అన్నాడు. ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఒక్కసారి కూడా. వాచ్‌మన్ పిలవడం వినపడింది. తిట్లు తినాల్సొస్తుందని పలకలేదు. ఈయన వెనక్కి తిరగ్గానే రూములోకెళ్లి వేసేశా."

"డేటా ఒక్కటే ఆపితే సరిపోయేది కదా?"

"నాకవన్నీ తెలీదు సార్. బావే నేర్పాడు. ఒక్క నొక్కుతో అన్నీ ఆగిపోతాయిరా, హాయిగా ఆడుకో అన్నాడు."



అక్క దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నారు. కొట్టలేదు.

"నా పెళ్లికి ముహూర్తం దాటాక వచ్చావు. నాన్న పోతే మర్నాడొచ్చావు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కనాడు టైముకి ఏ పనీ చెయ్యలేదు కదరా," అంది. "ఆ రోజే చెయ్యాలా?"

అతను మొహం దాచుకున్నాడు.

"ఈ పెద్దాయన రెండు రోజులు స్టేషన్ బల్ల మీద కూర్చున్నాడు. నువ్వు నా పక్కనే నిలబడి నాకు నీళ్లిచ్చావు. పోయినాయన్ని తేలేవు. ఈయన సంగతైనా చెప్పొచ్చు కదరా."

"చెబితే నీకు నేను కూడా ఉండనక్కా."



ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు. పైకొచ్చిన కానిస్టేబుల్ అతని చెయ్యి పట్టుకున్నాడు. మెట్ల దగ్గర అతను ఆగి వెనక్కి చూశాడు.

"అక్కా, ఇంటికెలా వెళ్తావు? బండి నేనే తెచ్చాను."

ఆమె ట్యాంకు వైపు చూస్తూ నిలబడింది.

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు పద నాయనా," అన్నాడు. "అమ్మాయిని నేను దిగబెడతాలే."