టర్బో బటన్ నొక్కిందెవరు

రిపేరువాడికి అనుమానం ఉండాలి. కస్టమర్ "నేనేం చేయలేదండీ" అన్నాడంటే ఏదో చేశాడనే లెక్క.

రెండు నెలలుగా ఒకమ్మాయి తన ఆఫీసు కంప్యూటర్లు నా దగ్గరికే తెస్తోంది. సగానికి అసలు జబ్బే లేదు. మొన్న తెచ్చిన దాంట్లో లోపలి వైరొకటి ఊడింది, అంతే. నాకోసమే వస్తోందన్న ఆశతో, ఈ సాయంత్రం మనసులో మాట చెప్పేద్దామని చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ కూర్చున్నాను.

వర్షంలో వచ్చింది. రెయిన్‌కోటు ఓ పాత సీపీయూకి కప్పి, తను తడిసింది.

"దీన్ని విప్పాలండీ."

చూడగానే గుర్తుపట్టాను. ముందువైపు టర్బో బటన్, పక్కనే గీకిన పిల్లి బొమ్మ. నాకు పదేళ్ళప్పుడు, వేసవి కంప్యూటర్ క్లాసులో నేను కారు రేసు ఆడింది దీని మీదే.

"ఇది మీకెలా వచ్చింది?"

"క్లాసు చెప్పిన మాస్టారు మా మావయ్య. అటక మీద దొరికింది."

అంటే ఆ పిల్లి బొమ్మ గీసిన రెండు జడల పిల్ల, మాస్టారి మేనకోడలు, ఈమే. రోజూ నన్ను ఓడించేది. ఆ బటన్ నొక్కితే కంప్యూటర్ నెమ్మదిస్తుందని, రేసులో కార్లు నత్తల్లా కదులుతాయని మా అందరి నమ్మకం. ఒకరోజు ఉడుకుమోత్తనం ఆపుకోలేక, "టర్బో నొక్కి ఆడుతోంది సార్" అని చెప్పేశాను. మాస్టారు మేనకోడలని కూడా చూడలేదు. ఆటలోని స్కోర్ల లిస్టులోంచి ఆమె పేరు తీసేసి, సెలవులయ్యేదాకా ఆటే ఆడనివ్వలేదు.

అయితే ఈ రెండు నెలలూ వచ్చింది నాకోసం కాదన్నమాట, పగ తీర్చుకోవడానికన్నమాట.

"నేనెవరో మీకు తెలుసా?"

"మొదటి రోజే తెలిసింది. కంగారుపడితే అప్పుడూ ఇలాగే చెవి గోక్కునేవారు. కోసే ముందు సీలు మీద తేదీ చదవండి."

మూత అంచున అమ్మినవాళ్ళ కాగితం సీలు చెక్కుచెదరలేదు. తేదీ ఆ వేసవికి రెండేళ్ళ ముందుది. కోసి, మూత తీసి, టార్చి వేశాను. టర్బో బటన్ వైరు బోర్డుకు తగిలించే లేదు. దారంతో కట్టేసి ఓ మూల పడుంది. బటన్ నొక్కితే లైటు వెలిగేదే తప్ప, ఇంకేం జరిగేది కాదు.

"తర్వాత ఎవరైనా పీకేశారేమో." నా అనుమానం ఇంకా చావలేదు.

"సీలు ఇప్పుడేగా మీరు కోశారు."

కోసిన సీలు ముక్కను బల్ల మీద పెట్టాను.

"నేను నొక్కడం మీరు చూశారా?"

"లేదు."

"మరి?"

తల దించుకున్నాను. "నేను నొక్కేవాణ్ణి. అయినా ఓడిపోయేవాణ్ణి. నువ్వు ఇంకా ఎక్కువ నొక్కుతున్నావనుకున్నా."

ఆమె పడీపడీ నవ్వింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తప్పు నాదే. మీ మావయ్యకి నేనే వచ్చి చెప్తాను. ఇంకో మాట. నువ్వు రాని రోజు షాపు తెరవబుద్ధి కావట్లేదు. పగతో వచ్చినా సరే, రా."

"పగైతే ఒక్కసారి వస్తే చాలదా? మొన్న వైరు కూడా పీకి తేవాలా?"

అంటే ఆ వైరు పీకింది ఈమేనా. నా అనుమానాల్లో ఇదొక్కటి మాత్రం నాకు తట్టనే లేదు.

మూడో ప్రయత్నానికి కంప్యూటర్ మేలుకుంది. స్కోర్ల లిస్టు తెరిచాను.

"నా పేరు మళ్ళీ పైన రాయి."

రాశాను. "నాది కింద."

"కింద కాదు, పక్కన."

"ఇందులో పక్కన చోటుండదు."

"రిపేరువాడివేగా," అంది స్టూలు దగ్గరికి లాక్కుంటూ. "చెయ్యి."